పై అంగుళం

ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్
ఫిబ్రవరి 3, 2024

అక్కకు,

కవరు మీద నా చేతిరాత చూసి కూడా విప్పావంటే అదే పదివేలు.

మా ఆయన ఒలావో నవంబరు తొమ్మిదిన పోయారు. నీ కూతురు ప్రణీత ఫేస్‌బుక్‌లో చూసి నీకు చెప్పే ఉంటుంది. నేను ఫోన్ చేయలేదు. ఆయన్ని పెళ్ళి చేసుకుని కోర్టు నుంచి నేను ఫోన్ చేసిన రోజు, "నీ గొంతు మళ్ళీ నా చెవిన పడితే ఒట్టు" అన్నావు. ముప్పై ఏళ్ళయింది. ఒట్టు నీది, పాటిస్తున్నది నేను.

చివరి రెండేళ్ళూ ఆయన చేతులు వణికి పెన్సిల్ నిలిచేది కాదు. బుర్ర మాత్రం నిక్షేపంలా ఉంది. నలభై నిమిషాల ఆర్కెస్ట్రా సంగీతం లోపల తయారుగా ఉంది, బయటికి తెచ్చే చెయ్యి లేదు. స్టూడెంట్‌ని పెట్టుకుందామంటే ఒప్పుకోలేదు. ఫోన్‌లో రికార్డ్ చేయబోతే నోరు మూసేసుకునేవారు. ఆఖరికి ఒక్కో వాద్యం వరసా ఆయన పాడుతుంటే నేను నాకు వచ్చిన సరిగమల్లో, తెలుగు అక్షరాల్లో రాసుకుంటూ పోయాను. వయొలిన్లది ఒక వరస, చెల్లో వాద్యాలది ఒక వరస, డ్రమ్ముకి ఎన్ని దెబ్బలో అన్ని గీతలు. పధ్నాలుగు నోట్‌బుక్కులయ్యాయి. దానికి ఆయన పెట్టిన పేరు 'వాన తర్వాత'.

ఇక్కడి చిన్న ఆర్కెస్ట్రా ఒకటి ఆయన పోయి ఏడాదయ్యే రోజున దీన్ని వాయిస్తానంది. వాళ్ళకి అయిదు గీతల మీద రాసే ఇంగ్లీషు సంగీతపు రాత కావాలి, నాకది రాదు. వాళ్ళకి సరిగమలు రావు. రెండూ వచ్చినవాళ్ళు నాకు తెలిసినంతలో నువ్వొక్కదానివే. నీకు ఆ అయిదు గీతలు నేర్పింది కూడా ఆయనే కదా, మీ పాత ఇంటి డైనింగ్ టేబుల్ మీద.

ఇది కాగితం మీదికి సరిగ్గా రాకపోతే ఆయన చివరిగా చెప్పింది ఎవరికీ వినపడకుండా పోతుంది. నాకు ఇంకేమీ అక్కర్లేదు. ఈ ఒక్కటీ చేసిపెట్టు.

నీ వెనక తంబూరా మీటిన
రజిని


ఫ్రీమాంట్, కాలిఫోర్నియా
ఫిబ్రవరి 20, 2024

చి. రజినికి,

పెళ్ళయినదానివి కాబట్టి చి.ల.సౌ. అని రాయాల్సింది, ముప్పై ఏళ్ళూ రాయలేదు. ఇప్పుడు ఎలాగూ సౌ. తీసేయాలి. నాకు ఒక అక్షరం కలిసొచ్చింది.

పోయాడని ప్రణీత చెప్పింది. ఆ రోజు నాకు నాలుగు క్లాసులున్నాయి, నాలుగూ చెప్పాను.

నువ్వు అడిగావు కాబట్టి నేనూ ఒకటి అడుగుతాను. అప్పట్లో ఒలావో పాఠాలు చెప్పే కాలేజీలో జరిగిన కచేరీలో పాడింది నేను. వెనక కూర్చుని తంబూరా మీటింది నువ్వు. మర్నాడు ఆ మనిషి మా తలుపు కొట్టి "మీ గొంతు కోసం ఒక పాట రాస్తాను" అన్నాడు. ఆరు నెలలు ప్రతి శనివారం మా సోఫాలో కూర్చుని నా చేత పాడించుకున్నాడు. మీ చక్రధర్ బావ కాఫీలు అందించాడు. ప్రణీత పుట్టినప్పుడు నా పురిటికి సాయం వచ్చిన నువ్వు పసిదాన్ని ఎత్తుకుని గుమ్మంలో నిలబడేదానివి. చివరికి పాట రాలేదు, నువ్వు అతనితో వెళ్ళిపోయావు. నా గొంతుకి అప్పుడు ముప్పై అయిదేళ్ళు. ఇప్పుడది పిల్లలకి సరళీ వరసలు చెప్పే గొంతు. ఆ పాట ఏమైంది?

నీ పని చేస్తాను. సంగీతం మీద గౌరవం కొద్దీ చేస్తాను, నీ మీద జాలితో కాదు. నకళ్ళు కాదు, అసలు పుస్తకాలు పంపు. నకలు తీసి దాచుకున్నావని తెలిస్తే నన్ను నమ్మలేదని అనుకుంటాను, పెట్టె విప్పకుండా తిప్పి పంపుతాను. ఫోను వద్దు, జూమూ వద్దు, నువ్వు రావద్దు.

రాధారాణి


ఫార్మింగ్టన్ హిల్స్
మార్చి 10, 2024

అక్కకు,

నువ్వు ఒప్పుకున్నావని చదివి వంటింట్లో నేల మీదే కూర్చుండిపోయాను. ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి.

పధ్నాలుగు పుస్తకాలూ అట్టపెట్టెలో పంపుతున్నాను. నకలు తీయలేదు. "కనీసం ఫోటోలైనా తీసుకోండి" అని కండక్టర్ పోరు పెట్టింది. అక్క వద్దంది అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు.

ఒక్క సంగతి చెప్పాలి. ప్రతి పేజీ నెత్తినా శ్రుతి అంకె ఉంటుంది. విశ్వనాథం మాస్టారు మన వేళ్ళ మీద బెత్తంతో కొట్టి నేర్పిన అలవాటు: స ఏ మెట్టు మీద పెట్టుకోవాలో అంకె వేయకుండా ఒక్క వరసా రాయకూడదు. మన పాటకి మొదట్లో ఒకసారి వేస్తే చాలు. నీది ఎప్పుడూ ఐదున్నర, తంబూరా అంతవరకూ బిగించి బిగించి నా వేళ్ళు కాయలు కాశాయి. కానీ ఇది అలా కాదు. ఒక పేజీలో ఒకటి, తర్వాతి పేజీలో రెండు, మళ్ళీ ఒకటిన్నర. సరిగమలు అవే, స మాత్రం జరుగుతూ ఉంటుంది.

బ్రెజిల్‌లో ఆయన పుట్టిన బెలేమ్ అనే ఊళ్ళో రోజూ మధ్యాహ్నం వాన పడుతుందట. జనం గడియారం చూసుకోరు, వానకి ముందు కలుద్దాం, వాన తర్వాత కలుద్దాం అనుకుంటారు. వాళ్ళ నాన్న పడవల మీద ఊరూరా తిరిగి చర్చిల్లో ఆర్గన్లు బాగుచేసేవాడు. ఏడేళ్ళప్పుడు ఈయన్ని ఆర్గన్ పెట్టెలోకి దూర్చి గొట్టాల దుమ్ము తుడిపించేవాడట. ఒకసారి లోపల ఉండగా వాన మొదలైంది. తడిగాలికి గొట్టాలన్నీ కొద్దికొద్దిగా శ్రుతి మారడం విన్నారు. డెబ్భై ఏళ్ళు ఆ శబ్దాన్నే వెతుక్కున్నారు. ఆ జరగడమే వాన అక్కా. అది తీసేస్తే మిగిలేది ఒట్టి సరళీ వరసలు.

ఇరవై ఆరేళ్ళప్పుడు ఆయన రాసిన 'రేవు కూలీల ప్రార్థన'ని అక్కడి సైనిక ప్రభుత్వం పోలీసులు సగంలో ఆపించారు. ఒక్క సూట్‌కేసుతో వచ్చి న్యూయార్క్‌లో గిన్నెలు తోమారు. ఆ తర్వాత ఇక్కడి కాలేజీలో, ఈజీ గ్రేడ్ కోసం వచ్చే పిల్లలకి పాతికేళ్ళు పియానో చెప్పారు. అక్కడికి వెళితే అమెరికావాడు, ఇక్కడ బ్రెజిల్ వాడు. నలుగురు వాయించే ఆయన రెండో క్వార్టెట్ మొదటిసారి వాయించినప్పుడు హాల్లో పదకొండు మంది ఉన్నాం. అందులో ఇద్దరు వానకి తడవకుండా లోపలికొచ్చినవాళ్ళు. ఆ సంగతి అందరికీ గొప్పగా చెప్పుకునేవారు, వానే పంపింది అని. మన గోంగూర పచ్చడిలో వాళ్ళ కర్రపెండలం పిండి కలుపుకుని తినేవారు. మనకి పెద్దాపురంలో కర్రపెండలం కొత్త కాదు కాబట్టి నాకూ అలవాటైపోయింది.

పాట సంగతి అడిగావు. ఆయన రాయలేదక్కా. మాటవరసకి అలా చాలామందితో అనేవారు.

రజిని


ఫ్రీమాంట్
మే 6, 2024

చి. రజినికి,

పుస్తకాలు చేరాయి. నీ చేతిరాత ఇప్పటికీ చీమలు పాకినట్టే ఉంది.

మాటవరసకి అన్నాడన్నావు. సరే. ఆరు నెలలు మాటవరసకే వచ్చాడన్నమాట, ఈ రాధారాణి మాటవరసకే పాడిందన్నమాట. ఆ శనివారాల కోసం నేను రెండు కచేరీలు వదులుకున్నాను. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు. మీ బావ ఇప్పటికీ "ఆ రోజుల్లో" అంటూ మొదలుపెడతాడు, గదిలోంచి లేచి వచ్చేస్తాను.

నీకు తెలియాలని రాస్తున్నాను. నా దగ్గర ఇరవై ముగ్గురు పిల్లలున్నారు. ఈ సోమవారం ఆద్య అనే తొమ్మిదేళ్ళ పిల్ల పాట మధ్యలో శ్రుతి జారింది. "ఆంటీ, ఐ వాజ్ ఫీలింగ్ ఇట్" అంది. ఫీలింగ్ సంగతి మీ అమ్మతో చెప్పుకో, స ఎక్కడుందో నాకు చెప్పు అన్నాను. ఏడ్చింది. ఏడుపు ఆపుకుని మళ్ళీ పాడితే స అక్కడే ఉంది, దాని చోట అది. ఒకసారి పెట్టుకున్న స కదలకూడదు. కదిలితే ఎంత గొప్ప గొంతైనా దండగ. మాస్టారి దగ్గర నువ్వూ నేర్చుకున్నావు, మర్చిపోయినట్టున్నావు.

ఇందులో తప్పులు చాలా ఉన్నాయి. దిద్దుతున్నాను.

రాధారాణి


ఫార్మింగ్టన్ హిల్స్
మే 25, 2024

అక్కకు,

దిద్దుతున్నందుకు నీకెంత రుణపడ్డానో చెప్పలేను. నా తాళం లెక్క చిన్నప్పటి నుంచీ అంతే కదా, ఏడుకి బదులు ఎనిమిది వేసేదాన్ని. నిర్మొహమాటంగా దిద్దు. నాకు రాసి అడగాల్సిన పని కూడా లేదు.

ఆ చిన్నపిల్ల ఆద్యని తిట్టకు. మనల్ని తిడితే మనకెలా ఉండేదో గుర్తుంది కదా.

కండక్టర్‌కి నీ గురించి చెప్పాను. మా అక్క మహా గాయని, ఆవిడ చెవి తప్పు చేయదు అన్నాను. ప్రోగ్రాం పుస్తకంలో నీ పేరు పెద్దక్షరాల్లో వేయమన్నాను. ఈ పని అయ్యాక నీకు ఒకటి పంపుదామని ఉంది. ఏమిటని అడక్కు. కవరు మీద నీ అడ్రసు ఇప్పుడే రాసి పెట్టుకున్నాను.

ఇక్కడ వారం నుంచీ వాన. ఆయన కుర్చీ కిటికీ దగ్గరే ఉంచాను.

రజిని


ఫ్రీమాంట్
ఆగస్టు 19, 2024

చి. రజినికి,

పని పూర్తయింది. కాగితాలు నేరుగా మీ కండక్టర్‌కే పంపాను, నీకు ఎలాగూ చదవడం రాదు. నీ కానుకలేవీ నాకు అక్కర్లేదు. నోట్‌బుక్కులు ప్రస్తుతానికి నా దగ్గరే ఉంటాయి, వాళ్ళకేమైనా సందేహాలొస్తే చూడాలి.

కచేరీకి నేను రాను. నాకు చలి పడదు.

రాధారాణి


ఫార్మింగ్టన్ హిల్స్
నవంబర్ 12, 2024

అక్కకు,

ఏమని మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ముందురోజు రిహార్సల్‌కి రమ్మన్నారు. ఆయన కోటు ఒళ్ళో పెట్టుకుని మొదటి వరసలో కూర్చున్నాను. మొదటి పేజీ ఆయనదే. రెండో పేజీలో స జరగాలి. జరగలేదు. మూడో పేజీలో జరగలేదు. వయొలిన్లు, చెల్లోలు, కొమ్ముబూరలు, అందరూ ఒక్క మెట్టు మీదే నిలబడి నలభై నిమిషాలు సరిగమలు ఒప్పజెప్పారు. నేను లేచి "ఇది కాదు, ఇది కాదు" అని అరిచాను. కండక్టర్ మంచిది, ఆపి దగ్గరికొచ్చింది. నువ్వు పంపిన కాగితాల మొదటి పేజీ చూపించింది. కింద నీ సంతకం. పక్కన, 'ఆయన భార్యతో అన్నీ సరిచూసుకుని రాసినది' అని నీ చేత్తో రాసి ఉంది.

ఏడుస్తున్న ముసలిదాని మాట నమ్మాలా, నీ సంతకం నమ్మాలా? మహా గాయని, చెవి తప్పు చేయదు అని చెప్పింది నేనే కదా.

శనివారం అలాగే వాయించారు. జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు. పేపర్లో రాసింది నీకు తెలుగులో చెబుతాను: జబ్బుపడిన మనసు ఒకే గదిలో గోడలు తడుముకుంటూ తిరిగినట్టుంది, ఆయన మంచి రచనలే గుర్తుంచుకుని దీన్ని వదిలేయడం మేలు. రికార్డింగ్ చేస్తామన్న కాలేజీ వాళ్ళు మానుకున్నారు.

ఎక్కడో పొరపాటు జరిగింది. నీకు కళ్ళు సరిగా కనపడక అంకెలు చూసి ఉండవు. నిన్ను ఏమీ అనడం లేదు. పుస్తకాలు తిప్పి పంపు అక్కా. పేజీల నెత్తిన అంకెలుంటే చాలు, వేరేవాళ్ళ కాళ్ళు పట్టుకుని మళ్ళీ మొదటి నుంచీ రాయిస్తాను.

రజిని


ఫ్రీమాంట్
నవంబర్ 26, 2024

చి. రజినికి,

నా కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. పోయిన నెలే కాటరాక్ట్ చేయించుకున్నాను, అంతకుముందు కూడా నీ అంకెలు కనపడ్డాయి.

పొరపాటు అని నువ్వే అంటున్నావు కాబట్టి చెబుతాను. మొదటి నెల నిజాయితీగానే చదివాను. పధ్నాలుగు పుస్తకాలూ నా గొంతు కోసం వెతికాను. ఎక్కడో ఒకచోట ఉంటుంది అనుకున్నాను. నా చేత ఆరు నెలలు పాడించుకున్నవాడు, ఒక్క గమకమైనా దాచుకోకుండా ఉంటాడా, ఒక్క పట్టైనా? లేదు. ఏ పుస్తకం తెరిచినా ప స స స, ప స స స. తంబూరా. ముప్పై ఏళ్ళు ఆ మనిషి చెవిలో మోగింది నువ్వు మీటిన నాలుగు తీగలు. వానో మరొకటో అని నాకు కథలు చెప్పావు. కదులుతున్నది వాన కాదు, నువ్వు. తంబూరా పిల్ల అటూ ఇటూ తిరుగుతుంటే ఆర్కెస్ట్రా మొత్తం దాని వెనక నడవాలట.

అసూయ అనుకుంటావు. అసూయే. దాచను. కడుపు మండిపోయింది. అందుకే ఆ అంకెలన్నీ వదిలేసి నిన్ను తెచ్చి ఒకచోట కూర్చోబెట్టాను. తంబూరా పట్టుకున్నవాళ్ళు కూర్చోవాల్సిన చోట, కదలకుండా.

నా కూతుర్ని ఎత్తుకుని గుమ్మంలో నిలబడి నా పాట విన్నట్టు నటించిన నువ్వు, నాకు సంగీతం గురించి ఉత్తరాలు రాయకు.

పుస్తకాలు వేరే పార్సెల్‌లో వస్తున్నాయి. విప్పి చూసుకో.

రాధారాణి


ఫార్మింగ్టన్ హిల్స్
డిసెంబర్ 16, 2024, సోమవారం

అక్కకు,

పార్సెల్ అందింది. పధ్నాలుగు పుస్తకాలూ ఉన్నాయి. ప్రతి పేజీ పై నుంచి ఒక అంగుళం లేదు. స్కేలు పెట్టి కోసినట్టు తిన్నగా ఉంది. నీ పని ఎప్పుడూ నీటుగానే ఉంటుంది. వెయ్యి పేజీల పైన ఉంటాయి, ఎన్ని రోజులు కూర్చున్నావో, ఆ అంకెలు చెత్తలో వేశావో, కాల్చావో, నేను అడగను.

రెండు వారాలు గుర్తు తెచ్చుకున్నాను. ఆయన కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, ఏ రోజు ఏ మెట్టు మీద పాడారో. పదకొండు పేజీలు గుర్తొచ్చాయి. మిగతావి రావు. నేను రాసే మనిషినే కానీ గుర్తుపెట్టుకునే మనిషిని కాదు. 'వాన తర్వాత' ఇంక ఎవరూ వినరు.

ఇప్పుడు నువ్వు అడిగిన పాట సంగతి. నేను అబద్ధం చెప్పాను.

ఆయన రాశారు. మా పెళ్ళయిన మూడో నెలలో, తొమ్మిది పేజీలు, పియానోకీ నీ గొంతుకీ. అందులో తంబూరా లేదు. రాసినన్నాళ్ళూ ఆయన నాతో సరిగ్గా మాట్లాడను కూడా లేదు, నీ గొంతే వింటూ ఉన్నారు. పూర్తయ్యాక నా చేతికిచ్చి మీ అక్కకి పోస్ట్ చేయి అన్నారు. నేను చేయలేదు. ఆ తొమ్మిది పేజీలు చూస్తే నాకు మళ్ళీ గుమ్మంలో నిలబడినట్టుండేది. పియానో స్టూలు అడుగున పాత బిల్లుల కింద పెట్టాను. నీ దగ్గర్నుంచి జవాబు రాలేదేమని ఆయన రెండేళ్ళు అడిగారు. నచ్చలేదేమో అన్నాను. ఆ తర్వాత గొంతుకి ఆయన ఒక్క పాటా రాయలేదు. నీ గొంతు ఈ పుస్తకాల్లో లేకపోవడానికి కారణం నేను.

అది తప్పే. ముప్పై ఏళ్ళూ నన్ను తింటూనే ఉంది. అందుకే నువ్వు ఈ పని ఒప్పుకోగానే దాన్ని బయటికి తీశాను. అంతా సవ్యంగా అయితే నీకు పంపి, కాళ్ళ మీద పడి క్షమించమని అడుగుదామనుకున్నాను. మే నెలలో అడ్రసు రాసి పెట్టుకున్నానన్న కవరు ఇదే. చూడు, స్టాంపు కూడా అప్పటిదే.

ఇందులో తొమ్మిది ముక్కలున్నాయి. నీ పాట ప్రతి పేజీ పై అంగుళం. మిగతాది నిన్న చించి రీసైక్లింగ్ డబ్బాలో వేశాను. ఆయన రాసిందాన్ని ఆయన భార్యనైన నేనే చించాను, ఆ పాపం నాది, నేనే మోస్తాను. ఇక్కడ ఆ డబ్బాలు ఎత్తుకెళ్ళే బండి మంగళవారం పొద్దున ఏడింటికి వస్తుంది. ఈ కవరు నీ చేతికి వచ్చేసరికి శుక్రవారమవుతుంది.

ఫోను విషయంలో నీ ఒట్టు నువ్వు తీసేసినా ఫరవాలేదు. నేను ఎత్తను.

రజిని

తా.క. మొదటి ముక్క మీద ఉన్నది ఆయన చేతిరాత, 'రాధారాణి గొంతు కోసం' అని. అప్పటికి చేతులు వణికేవి కాదు. పక్కన ఒక తెలుగు అంకె ఉంటుంది, ఆయన వంకరటింకరగా వేశారు. ఎలా రాయాలో నన్నడిగి, కాగితం మీద నాలుగుసార్లు దిద్దుకుని మరీ వేశారు. ఐదున్నర.